హైదరాబాద్ నుంచి ఆంధ్ర రాష్ట్రం దాకా: దేశం ఎవరిది, నిర్ణయం ఎవరిది?

సెప్టెంబర్ 17 దగ్గర పడుతుంటే ఫోన్లలో రెండు రకాల మెసేజ్‌లు తిరగడం మొదలవుతుంది. ఒక రకం ఆ రోజుని విమోచనం అంటుంది. రెండో రకం సుఖూత్-ఎ-హైదరాబాద్, అంటే హైదరాబాద్ పతనం అంటుంది. ఇవి చూసి ఇంట్లో పిల్లలు అడుగుతారు: "అబ్బా, నిజాం మనవాడా? మనం ఎవరి వైపు?"

ఇందుకూరుపేట లాంటి ఊళ్లలో ఈ ప్రశ్న ఇంకాస్త వింతగా ఉంటుంది. నెల్లూరు సీమ 1801లోనే ఆర్కాటు నవాబు చేతుల్లోంచి ఈస్టిండియా కంపెనీ చేతుల్లోకి పోయింది. 1948లో మన ఊళ్లు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. నిజాం మన మీద రాజు కాడు, మన పెద్దలు ఆయనకు శిస్తు కట్టలేదు. అయినా పేరు చూసి నిజాం లెక్క మన దగ్గర అడిగేవాళ్లు ఉన్నారు. అందుకే ఈ చరిత్ర మన ఇళ్లలో తెలిసి ఉండాలి. కోపంతో కాకుండా, తేదీలతో సహా తెలిసి ఉండాలి.

రెండు మాటలు, ఒకే తగాదా

మొదటి మాట సార్వభౌమత్వం. ఉర్దూలో ఇక్తిదార్-ఎ-ఆలా అంటాం. తన సరిహద్దు లోపల తనకంటే పై అధికారం ఇంకొకటి లేకపోవడం దీని అర్థం. ఐక్యరాజ్యసమితి చార్టర్ 1945లో రెండో అధికరణంలో ఈ సూత్రాన్ని రాసుకుంది. పెద్దదైనా చిన్నదైనా దేశాలన్నీ సమానం, ఒక దేశపు ఇంటి వ్యవహారంలో సమితి వేలు పెట్టకూడదు అని.

రెండో మాట స్వయం నిర్ణయాధికారం. ఉర్దూ పత్రికల్లో హక్-ఎ-ఖుద్ ఇరాదియత్ అని చదువుతుంటాం. ఒక ప్రజ తన రాజకీయ భవిష్యత్తుని తానే నిర్ణయించుకునే హక్కు ఇది. అదే చార్టర్ మొదటి అధికరణంలో ఈ మాట ఉంది. 1966 నాటి రెండు మానవ హక్కుల ఒడంబడికలూ దీంతోనే మొదలవుతాయి.

అంటే రెండు సూత్రాలూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. కానీ "ప్రజ" అంటే ఎవరో ఆ పుస్తకం చెప్పలేదు. భాష ఒకటైతే ఒక ప్రజా? మతం ఒకటైతేనా? ఒకే రాజు కింద ఉంటేనా? తగాదా అంతా ఇక్కడే ఉంది. దీనికి తోడు ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని చాలామంది అడగరు. ఒక ప్రజ తన గీత గీసుకున్నాక, ఆ గీత లోపల మిగిలిపోయిన వేరేవాళ్ల సంగతేంటి?

స్వయం నిర్ణయంలో రెండు రకాలున్నాయని ఇప్పుడు న్యాయ పండితులు చెబుతారు. బయటి రకం అంటే విడిపోయి కొత్త దేశం పెట్టుకోవడం. లోపలి రకం అంటే ఉన్న దేశంలోనే ఉంటూ సొంత రాష్ట్రం, సొంత భాష, సొంత ప్రతినిధులు పొందడం. తెలుగు నేల మీద ఇరవయ్యో శతాబ్దంలో ఈ రెండూ జరిగాయి. మొదటిదాన్ని నిజాం కోరాడు. రెండోదాన్ని ఆంధ్రులు సాధించారు.

మన తీరానికి ఈ చర్చ ఎలా వచ్చింది

ఇందుకూరుపేట మండలంలోని పల్లెపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి దాన్ని ప్రారంభించారు. దానికి డబ్బు సాయం చేసిన పెద్దమనిషి దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసిన పార్శీ రుస్తుంజీ. అప్పుడు దేశమంతా సహాయ నిరాకరణ, ఖిలాఫత్ ఉద్యమాలు చేతులు కలిపి నడుస్తున్నాయి.

ఖిలాఫత్‌లో కూడా ఇదే ముడి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తురుష్క ఖలీఫా అధికారం నిలబడాలని ఇక్కడి ముస్లింలు, వాళ్లతో కలిసి హిందువులూ పోరాడారు. అదే సమయంలో ఆ ఖలీఫా కింద ఉన్న అరబ్బులు తమ రాజ్యం తమకి కావాలన్నారు. చివరికి 1924 మార్చి 3న ఖిలాఫత్‌ని రద్దు చేసింది తురుష్కుల సొంత పార్లమెంటే. ఒక ముస్లిం పాలకుడి సింహాసనం, అక్కడి ముస్లిం ప్రజల కోరిక, రెండూ ఒకటి కావాలనేం లేదని అప్పుడే తేలిపోయింది. పదవి పోయిన ఖలీఫా అబ్దుల్ మజీద్‌కి భత్యం పంపింది హైదరాబాద్ నిజామే. 1931లో ఖలీఫా కూతురు దుర్రె షెహ్వార్ నిజాం పెద్ద కోడలై వచ్చింది.

1947: నిజాం ఏమన్నాడు, భారత్ ఏమంది

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 నుంచి గద్దె మీద ఉన్నాడు. 1941 లెక్కల ప్రకారం రాజ్యంలో దాదాపు కోటి 63 లక్షల మంది ఉన్నారు. విస్తీర్ణం 82 వేల చదరపు మైళ్ల పైనే. జనంలో సగానికి కాస్త తక్కువ మంది తెలుగువాళ్లు. తర్వాత మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్లు. ముస్లింలు ఎనిమిది మందిలో ఒకరు. సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా, సైన్యం అన్నీ ఉన్నాయి. దేశభాషలో పై చదువులు చెప్పాలని 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది.

1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టంతో సంస్థానాల మీద బ్రిటిష్ వారి పెత్తనం ఆగస్టు 15న ముగిసింది. ఏ దేశంలో చేరాలో సంస్థానాధీశుడి సంతకం మీద ఆధారపడింది. ఆ జూన్‌లోనే నిజాం ఫర్మానా ఇచ్చాడు. ఏ రాజ్యాంగ సభలోనూ చేరను, ఇంగ్లీషు వాళ్లు వెళ్లిపోతే నా సార్వభౌమత్వం నాకు తిరిగి వస్తుంది అని. కాగితం మీద చూస్తే ఈ వాదనకు బలం లేకపోలేదు.

భారత ప్రభుత్వం ఇంకోలా అంది. నాలుగు వైపులా మా నేల ఉన్న రాజ్యం వేరే దేశంగా నిలవదు, అక్కడి జనంలో ఎక్కువమంది కలవాలనే కోరుతున్నారు అని. 1947 నవంబర్ 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. పాలస్తీనాను రెండుగా విడదీయాలని ఐక్యరాజ్యసమితి తీర్మానించింది కూడా సరిగ్గా ఆ రోజే. జనాభిప్రాయ సేకరణ మాట ఢిల్లీ, హైదరాబాద్ సంప్రదింపుల్లో వచ్చింది. కానీ అది ఎప్పుడూ జరగలేదు.

గమనించాల్సింది ఇది. నిజాం అడిగింది సార్వభౌమత్వం. స్వయం నిర్ణయం కాదు. రాజ్యం నాది అన్నాడు, జనం ఏమంటారో అడగలేదు. బాధ్యతాయుత ప్రభుత్వం కోసం అడిగిన స్టేట్ కాంగ్రెస్ వాళ్లు జైళ్లలో ఉన్నారు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో రైతులు 1946 నుంచే దేశ్‌ముఖ్‌ల మీద తిరగబడ్డారు. ఆ పోరాటపు పెద్దల్లో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఒకరు. అంటే నిజాం మీద తిరుగుబాటు హిందువుల తిరుగుబాటు మాత్రమే అనడం సరికాదు.

రజాకార్లు, షోయబుల్లా ఖాన్

మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో మొదలైంది. 1944లో బహాదుర్ యార్ జంగ్ పోయాక, కొన్నేళ్లకు నాయకత్వం లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ చేతిలో పడింది. ఆయన నడిపిన రజాకార్ దళాలు పల్లెల్లో దోపిడీలు, హత్యలు చేశాయి. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతను ఆ ఊరు ఇప్పటికీ మరవలేదు. ఈ నిజాన్ని మన పిల్లలకు దాచాల్సిన పని లేదు.

దాంతోపాటు చెప్పాల్సిన ఇంకో పేరుంది. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. రజాకార్ల దౌర్జన్యాలను తప్పుబట్టాడు, భారత్‌లో కలవడమే మంచిదని రాశాడు. అదే ఆగస్టులో రాత్రిపూట దారి కాచి ఆయన్ని చంపేశారు. "ముస్లింలంతా రజాకార్లే" అనేవాళ్లకు ఈ ఒక్క పేరు చాలు.

భద్రతా మండలి దాకా వెళ్లిన కేసు

1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సమితి సభ్యత్వం లేని దేశం కూడా వివాదాన్ని మండలి ముందు పెట్టవచ్చని చార్టర్ 35వ అధికరణం చెబుతుంది. దాన్ని పట్టుకునే వెళ్లారు. భారత్ వాదన ఏమిటంటే, హైదరాబాద్ అసలు దేశమే కాదు, ఇది మా ఇంటి వ్యవహారం. అంటే ఇందాక చెప్పుకున్న రెండో అధికరణం.

మండలి పారిస్‌లో సెప్టెంబర్ 16న విషయాన్ని చేపట్టింది. అప్పటికి మూడు రోజుల ముందే, 13న, భారత సైన్యం ఆపరేషన్ పోలో మొదలుపెట్టింది. మన పెద్దలు దాన్నే పోలీస్ యాక్షన్ అంటారు. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని నిజాం తంతి పంపాడు. ఆ తర్వాత మండలిలో మాటలు నడిచాయి గానీ హైదరాబాద్ దేశమా కాదా అన్నది అక్కడ తేలలేదు. ఆ ప్రశ్నకు జవాబు నేల మీద వచ్చింది. 1949 నవంబర్‌లో భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజామే ఫర్మానా ఇచ్చాడు.

మూల్యం ఎవరు కట్టారు?

సైన్యం వచ్చిన రోజుల్లో, ఆ తర్వాత వారాల్లో రాజ్యంలోని ముస్లింల మీద పెద్ద ఎత్తున దాడులు జరిగాయి. విచారించి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల బృందాన్ని పంపింది. తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని వాళ్లు నివేదిక ఇచ్చారు. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. కాపాడిన హిందూ ఇరుగుపొరుగుల సంగతీ నివేదిక రాసింది. ఆ కాగితాలు దశాబ్దాల తరబడి బయటికి రాలేదు.

ఇప్పుడు పెద్దవాళ్ల సంగతి చూడండి. నిజాం 1950 జనవరి 26న రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఆ పదవిలో ఉన్నాడు. ప్రధాని మీర్ లాయఖ్ అలీ గృహ నిర్బంధం నుంచి తప్పించుకుని 1950లో పాకిస్తాన్ చేరాడు. ఖాసిం రజ్వీ శిక్ష అనుభవించి 1957లో అక్కడికే వెళ్లిపోయాడు. ఊళ్లలో మిగిలింది గుమాస్తా, జవాను, దర్జీ, కూలి. రాజ్యం ఎవరిదన్న వాదనలో వీళ్లని ఎవరూ అడగలేదు. ఓడిపోయాక మూల్యం మాత్రం వీళ్లే కట్టారు. ఒక పాలకుడి సార్వభౌమత్వాన్ని తమ భద్రత అనుకున్న సముదాయానికి ఎదురైన గతి ఇది.

ఆంధ్ర రాష్ట్రం: విడిపోకుండానే సొంత ఇల్లు

ఇదే కాలంలో మద్రాసు రాష్ట్రంలోని తెలుగువాళ్లు ఇంకో దారి పట్టారు. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. కోస్తా పెత్తనం తమ మీద పడుతుందని రాయలసీమ వాళ్లు భయపడితే, 1937 నవంబర్ 16న శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. అంటే తెలుగువాళ్ల లోపలి తక్కువమందికి ముందే హామీ ఇచ్చారన్నమాట.

నెల్లూరు జిల్లాతో అనుబంధమున్న పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబర్ 15 రాత్రి చనిపోయారు. కోస్తా పట్టణాలు అట్టుడికిపోయాయి, కాల్పులు జరిగాయి. నాలుగు రోజులకు, 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా అది ఏర్పడింది. మన జిల్లాకు ఆయన పేరు 2008లో పెట్టారు.

తర్వాత రాష్ట్రాల పునర్విభజన సంఘం వచ్చింది. దాని అధ్యక్షుడు న్యాయమూర్తి సయ్యద్ ఫజల్ అలీ. భాషా రాష్ట్రాల పటం గీసిన సంఘానికి ఒక ముస్లిం న్యాయమూర్తి పెద్దగా ఉన్నాడని మన పిల్లలకు తెలియాలి. తెలంగాణను వెంటనే ఆంధ్రలో కలపొద్దు, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే కలపండి అని 1955లో ఆ సంఘం చెప్పింది. ఆ సలహా పక్కన పెట్టి, 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం చేసుకుని, నవంబర్ 1న కలిపారు. ఆ ఒప్పందంలో తెలంగాణ మంత్రుల్లో ఒకరు ముస్లిం ఉండాలని, అక్కడి పాలనలో, కోర్టుల్లో ఉర్దూ స్థానం ఐదేళ్లు కొనసాగాలని కూడా రాసుకున్నారు. హామీలు నిలబడలేదన్న బాధతోనే 1969లో తెలంగాణ లేచింది, 1972లో జై ఆంధ్ర వచ్చింది, చివరికి 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది.

గొడవలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. కానీ దేశం సరిహద్దు కదలలేదు, ఎవరి పౌరసత్వమూ పోలేదు. రాజ్యాంగం మూడో అధికరణం పార్లమెంటుకి రాష్ట్రాల గీతలు మార్చే వీలిచ్చింది కాబట్టే ఇది కుదిరింది. లోపలి స్వయం నిర్ణయం అంటే ఇదే.

బయటి ప్రపంచంలో

ఆలండ్ దీవులు: ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే చిన్న దీవులు. స్వీడన్‌లో కలుస్తామన్నారు. 1921లో నానాజాతి సమితి దీవులు ఫిన్లాండ్‌వే అని తేల్చి, భాషకు, స్వపరిపాలనకు గట్టి హామీ ఇప్పించింది. వందేళ్లయింది, గొడవ లేదు.

బర్మా: తెలుగు తీరం నుంచి వేలమంది రంగూన్ రేవుకి కూలికి వెళ్లారు. వాళ్లని కోరంగీలు అనేవారు. 1930 మేలో అక్కడ వాళ్లని వేటాడి చంపారు. అదే దేశంలో 1982 పౌరసత్వ చట్టం రోహింగ్యాలను పౌరుల లెక్కలోంచి తీసేసింది. 2017లో 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కి పారిపోయారు.

బంగ్లాదేశ్: 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ భాష కోసం ఢాకాలో ప్రాణాలిచ్చారు. 1971లో దేశం తెచ్చుకున్నారు. కానీ అక్కడ మిగిలిన ఉర్దూ కుటుంబాలు ఏ దేశానికీ చెందకుండా క్యాంపుల్లో దశాబ్దాలు గడిపాయి. 2008లో అక్కడి హైకోర్టు వాళ్లు పౌరులేనని తీర్పిచ్చింది. మతం ఒకటే అయినా భాష వేరైతే ఎంత దూరమో చూడండి.

దక్షిణ సూడాన్: 2011 జనవరి రెఫరెండంలో దాదాపు 99 శాతం విడిపోవాలన్నారు. జూలై 9న దేశం వచ్చింది. 2013 డిసెంబర్‌లో వాళ్లలో వాళ్లకే అంతర్యుద్ధం మొదలైంది.

పాలస్తీనా: భారత్ 1988లో పాలస్తీనా దేశాన్ని గుర్తించింది. 2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం, ఆక్రమణ చట్టవిరుద్ధమనీ పాలస్తీనీయుల స్వయం నిర్ణయ హక్కును అది దెబ్బతీస్తోందనీ అభిప్రాయం చెప్పింది.

తరచూ వచ్చే సందేహాలు

పాలస్తీనాకు ఒక న్యాయం, హైదరాబాద్‌కు ఒక న్యాయమా?
రెండూ ఒకటి కావు. పాలస్తీనాలో ఒక ప్రజ తన నేల మీద పరాయి సైన్యం కింద ఉండి హక్కు అడుగుతోంది. హైదరాబాద్‌లో ఒక రాజు తన ప్రజల్ని అడక్కుండా తన గద్దె కోసం వాదించాడు. పోలీస్ యాక్షన్ తర్వాత జరిగిన హత్యలు మాత్రం నేరాలే. విలీనం సరైనదని ఒప్పుకున్నంత మాత్రాన అవి ఒప్పు కావు.

భారత చట్టం స్వయం నిర్ణయాన్ని ఒప్పుకుంటుందా?
1979లో పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరినప్పుడు, ఈ మాట పరాయి పాలనలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, స్వతంత్ర దేశంలోని ఒక భాగానికి కాదు అని భారత్ స్పష్టంగా రాసింది. కాబట్టి ఇక్కడ ఉన్నది లోపలి దారే.

మరి తక్కువమందిగా ఉన్న మనకు రక్షణ ఏది?
రాజ్యాంగం 29, 30 అధికరణాలు భాషను, లిపిని కాపాడుకునే హక్కు, సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇస్తాయి. 350-ఎ ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు గురించి చెబుతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశాయి. వాడుకుంటేనే ఇవి బతుకుతాయి. పిల్లల పేరు ఉర్దూ మీడియంలో రాయించినప్పుడు, ఆఫీసులో అర్జీ ఉర్దూలో ఇచ్చినప్పుడు, ఓటరు జాబితాలో పేరు సరిచూసుకున్నప్పుడు.

సెప్టెంబర్ 17ని ఏమని పిలవాలి?
2022లో కేంద్రం విమోచన దినం అంది, తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో అక్కడి కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినం అంది. పేరు ఏదైనా, పిల్లలకు చెప్పాల్సినవి రెండున్నాయి. భైరాన్‌పల్లిలో చచ్చిపోయినవాళ్లు, ఉస్మానాబాద్‌లో చచ్చిపోయినవాళ్లు ఇద్దరూ మన దేశపు జనమే. ఒకరి కోసం ఏడ్చి ఇంకొకరిని దాచేవాడు చరిత్ర చెప్పడం లేదు. "మనం ఎవరి వైపు?" అని అడిగితే, షోయబుల్లా ఖాన్ వైపు అని చెప్పండి.